బోనస్ తగ్గడం వేరు, తిరిగి రావడం వేరు

వాల్‌స్ట్రీట్ అని పిలిచే న్యూయార్క్ ఆర్థిక సంస్థల ఉద్యోగులకు ఏడాది చివర అందే బోనస్‌ల గురించి గత సంచికలో రాసిన వ్యాసంపై వచ్చిన ఉత్తరాలే ఈసారి ఈ శీర్షికను పూర్తిగా నింపాయి. 2008లోనూ, 2011లోనూ, 2022లోనూ ఆ బోనస్‌లు బాగా తగ్గాయనీ, తగ్గిన ప్రతిసారీ అక్కడి ప్రజలు సానుభూతికి బదులు కోపమో ఎగతాళో చూపారనీ ఆ వ్యాసంలో చెప్పాను. అలా ఎందుకు జరుగుతుందన్నదే దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉన్న ప్రశ్న. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మాకు తెలిసిన బోనస్ దసరాకో దీపావళికో చేతికి వచ్చే ఒక నెల జీతం. అది తగ్గితే ఇంట్లో బట్టలు కొనడం మానుకుంటాం తప్ప ఊరంతా దాని గురించి మాట్లాడుకోదు. వాల్‌స్ట్రీట్ వాళ్ల బోనస్ తగ్గితే దేశమంతా చర్చ ఎందుకు? (పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, మన దగ్గర బోనస్ చట్టం ఇచ్చిన హక్కు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం అర్హులైన ఉద్యోగులకు జీతంలో 8.33 శాతానికి తగ్గకుండా, 20 శాతానికి మించకుండా బోనస్ చెల్లించాలని నిర్దేశించింది. ఏడాదికి ఒక నెల జీతం అనే లెక్క ఆ 8.33 శాతమే. వాల్‌స్ట్రీట్ పద్ధతి పూర్తిగా వేరు. కంపెనీల షేర్ల జారీలు, విలీనాలు చూసే అక్కడి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు తమ రాబడిలో పెద్ద భాగాన్ని సిబ్బంది కోసం కేటాయిస్తాయి. అందులో నెలనెలా ఇచ్చే జీతం కొంతే. మిగిలినదాన్ని ఏడాది లెక్కలు తేలిన తరువాత, ఒక్కొక్క విభాగం ఎంత సంపాదించింది, ఫలానా మనిషి పోటీ సంస్థకు వెళ్లిపోతే ఎంత నష్టం అనే అంచనాల మీద పంచుతారు. షేర్లు, బాండ్లు కొని అమ్మే పై స్థాయి ట్రేడర్‌కూ, కంపెనీల విలీనాలు కుదిర్చే బ్యాంకర్‌కూ బోనస్ జీతానికి అనేక రెట్లు ఉండవచ్చు. అందులో కొంత నగదుగా, కొంత కొన్నేళ్ల పాటు విడతలుగా చేతికి వచ్చే షేర్లుగా ఇస్తారు.

న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక లెక్కలు చూసే కంప్ట్రోలర్ కార్యాలయం ఈ బోనస్‌ల మొత్తాన్ని ఏటా అంచనా వేసి ప్రకటిస్తుంది. ఆ లెక్క ప్రకారం 2021లో సగటు బోనస్ 2,40,400 డాలర్లు. 2022లో అది 1,76,700 డాలర్లకు, అంటే 26 శాతం పడిపోయింది. తగ్గిన తరువాత కూడా మిగిలిన ఆ బోనస్ అప్పటి మారకపు విలువలో దాదాపు కోటీ 45 లక్షల రూపాయలు. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ సగటు కాదు. అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లను వేగంగా పెంచడంతో కొత్త షేర్ల జారీలు, విలీనాలు ఎండిపోయి, ఆ ఏడాది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సభ్య సంస్థల పన్నుకు ముందటి లాభం 5,840 కోట్ల డాలర్ల నుంచి 2,580 కోట్లకు, అంటే సగానికన్నా కిందికి వచ్చింది. బోనస్‌ల కోసం పక్కన పెట్టిన మొత్తం మాత్రం 4,270 కోట్ల నుంచి 3,370 కోట్లకే, అంటే అయిదో వంతు మాత్రమే తగ్గింది. వాటాదారు సగానికి పైగా పోగొట్టుకున్న చోట ఉద్యోగుల పైవరుస అయిదో వంతు పోగొట్టుకుంది. తగ్గుదల అన్న మాట వినగానే నష్టాన్ని అందరూ సమానంగా పంచుకున్నారని మనం అనుకుంటాం. ఆ అంకెలు అలా చెప్పడం లేదు.

జనం మాట్లాడుకోవడానికి మరో కారణం దీర్ఘకాలపు పోలిక. 1985లో అక్కడి సగటు బోనస్ 13,970 డాలర్లు. తగ్గిన 2022లో కూడా అది దానికి పన్నెండున్నర రెట్లకు పైనే ఉంది. అదే 1985లో గంటకు 3.35 డాలర్లుగా ఉన్న, దేశమంతటికీ వర్తించే ఫెడరల్ కనీస వేతనం బోనస్‌తో సమానంగా పెరిగి ఉంటే 2022 నాటికి 42 డాలర్లు దాటేది. వాస్తవంలో అది 2009 జూలై నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉంది. హోటల్లో గిన్నెలు కడిగే మనిషి ఈ రెండు అంకెలనూ ఒకే రోజు పత్రికలో చదివినప్పుడు బోనస్ 26 శాతం తగ్గిందన్న వార్తకు జాలిపడాలని మనం ఆశించలేం.

ప్రశ్న: 2008 ఆఖరులో బోనస్‌లు దాదాపు సగం తగ్గాయని రాశారు. మరి అంతగా తగ్గిన ఏడాదే ప్రజల ఆగ్రహం అంత తీవ్రంగా ఎందుకు ఉంది? బాగా పెరిగిన 2006లో ఎవరూ ఏమీ అనలేదు కదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ)

జవాబు: మాస్టారూ, ఈ విషయమంతటికీ కీలకమైన ప్రశ్న మీరు అడిగారు. 2006లో సగటు బోనస్ 1,91,000 డాలర్లు దాటినప్పుడు జనం దాన్ని ఆ సంస్థల సొంత డబ్బుగా చూశారు. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు దివాలా తీసిన తరువాత, అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ బ్యాంకులను కాపాడే 70,000 కోట్ల డాలర్ల సహాయ పథకానికి ఆమోదం తెలిపిన క్షణం నుంచి అది తమ డబ్బు అయింది. అందువల్ల 2009 జనవరిలో కంప్ట్రోలర్ కార్యాలయం 2008 బోనస్‌ల మొత్తం 44 శాతం తగ్గి 1,840 కోట్ల డాలర్లకు చేరిందని ప్రకటించినప్పుడు, తగ్గినది ఎంత అని ఎవరూ చూడలేదు; ఇంకా ఇచ్చినది ఎంత అనే చూశారు. కొత్తగా పదవిలోకి వచ్చిన అధ్యక్షుడు ఒబామా ఆ చెల్లింపులు సిగ్గుచేటని, బాధ్యతారాహిత్యానికి పరాకాష్ఠ అని జనవరి 29న బహిరంగంగా అన్నారు. మరునాడే మిస్సోరి సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్, ప్రభుత్వ సాయం తీసుకున్న సంస్థల్లో ఎవరి సంపాదనా దేశాధ్యక్షుడి జీతమైన 4 లక్షల డాలర్లను మించకూడదని ప్రతిపాదించారు.

ఆ కోపానికి ఆజ్యం పోసినవి రెండు ఉదంతాలు. మొదటిది మెరిల్ లించ్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు. ఆ ఏడాది 2,700 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయిన ఆ సంస్థ, 2009 జనవరి 1న బ్యాంక్ ఆఫ్ అమెరికాలో కలిసిపోవడానికి కొద్ది రోజుల ముందు, మామూలుగా జనవరిలో ఇచ్చే బోనస్‌లను డిసెంబరుకే జరిపి 360 కోట్ల డాలర్లు పంచేసింది. పది లక్షల డాలర్లు, అంతకు మించి అందుకున్నవారు 696 మంది అని న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ కువోమో దర్యాప్తులో తేలింది. ఆ విలీనం జరిగిన రెండు వారాలకే, మెరిల్ నష్టాలను తట్టుకోవడానికి బ్యాంక్ ఆఫ్ అమెరికాకు ప్రభుత్వం మరో 2,000 కోట్ల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. ఈ బోనస్‌ల సంగతిని వాటాదారులకు సరిగా చెప్పలేదన్న కేసులో 3.3 కోట్ల డాలర్ల జరిమానాతో రాజీ కుదుర్చుకోబోగా, న్యాయమూర్తి జెడ్ రాకాఫ్ 2009 సెప్టెంబరులో దాన్ని తిరస్కరించారు. మోసపోయిన వాటాదారుల డబ్బుతోనే ఆ జరిమానా కట్టడం న్యాయం ఎలా అవుతుందన్నది ఆయన అభ్యంతరం. మరుసటి ఏడాది 15 కోట్ల డాలర్ల రాజీని ఆయన అయిష్టంగానే ఆమోదించారు. ఆ మొత్తం ఉదంతంలో అంత సూటిగా మాట్లాడిన మనిషి మరొకరు నాకు కనబడలేదు.

రెండవది ఏఐజీ బీమా సంస్థ. అప్పటికి దాదాపు 17,000 కోట్ల డాలర్ల ప్రభుత్వ సాయం అందుకుని, 80 శాతం వాటా ప్రభుత్వం చేతికి వెళ్లిన ఆ సంస్థ, తనను ముంచిన విభాగంలోని ఉద్యోగులకే 2009 మార్చిలో 16.5 కోట్ల డాలర్ల బోనస్ చెల్లించింది. ఉద్యోగులు వెళ్లిపోకుండా నిలబెట్టుకోవడానికి 2008 తొలినాళ్లలోనే రాసుకున్న ఒప్పందాలవి. వాటిని ఉల్లంఘిస్తే కోర్టు కేసులు తప్పవని సంస్థ వాదించింది. ఆ వాదనలో చట్టబలం ఉంది. అయినా అదే నెలల్లో మోటారు కార్ల కార్మికులు తమ వేతన ఒప్పందాలను తిరగరాసుకోవాలని ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు, బ్యాంకర్ల ఒప్పందం మాత్రమే పవిత్రమైనది ఎలా అయిందని జనం అడిగారు. కనెటికట్‌లో నిరసనకారులు బస్సు వేసుకుని ఆ అధికారుల ఇళ్ల ముందుకు వెళ్లారు. మార్చి 19న ప్రతినిధుల సభ అలాంటి బోనస్‌ల మీద 90 శాతం పన్ను వేసే బిల్లును 328–93 ఓట్లతో ఆమోదించింది; సెనేట్ దాన్ని చేపట్టనే లేదు. సంస్థ అధిపతి ఎడ్వర్డ్ లిడ్డీ లక్ష డాలర్లకు మించి అందుకున్నవారిని సగమైనా తిరిగి ఇవ్వమని అభ్యర్థించగా, కొందరు ఇచ్చారు.

కాబట్టి ఆ ఆగ్రహం పెద్ద సంపాదన మీద కాదు. లాభం వచ్చినప్పుడు పంపకం ప్రైవేటుగానూ, నష్టం వచ్చినప్పుడు భారం ప్రజలదిగానూ ఉండే ఏర్పాటు మీద. 2004, 2005, 2006 సంవత్సరాల్లో ఇంటి రుణాల వ్యాపారంలో చూపిన లాభాలు తరువాత ఉత్తుత్తివని తేలాయి. ఆ లాభాల మీద ఇచ్చిన బోనస్‌లు మాత్రం నిజమైనవి. అవి పుచ్చుకున్నవారి దగ్గరే ఉండిపోయాయి. 2008లో బోనస్ తగ్గడం వల్ల ఆ పాత లెక్క సరి కాలేదు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. బోనస్‌లు తగ్గితే నగరమే కుదేలవుతుందని ఇక్కడ ఏటా అంటుంటారు. ఇది నిజమా, లేక బోనస్‌లను సమర్థించుకోవడానికి చెప్పే మాటా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్)

జవాబు: చాలా వరకు నిజం. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ పన్ను రాబడిలో అయిదో వంతుకు తగ్గకుండా షేర్లు, బాండ్ల వ్యాపారం చేసే సెక్యూరిటీల పరిశ్రమ నుంచే వస్తున్న సంవత్సరాలు ఉన్నాయి. బోనస్ తగ్గిందంటే ఆదాయపు పన్ను తగ్గుతుంది. బడ్జెట్‌లో బడులకూ, రైళ్లకూ, ఆసుపత్రులకూ కేటాయించే మొత్తాల మీద దాని ప్రభావం పడుతుంది. అందుకే అక్కడి కంప్ట్రోలర్ బోనస్‌ల లెక్కను అంత శ్రద్ధగా వేస్తారు. మీరున్న న్యూజెర్సీ నుంచి నది దాటి మన్‌హాటన్‌కు పనికి వెళ్లేవారు వేల సంఖ్యలో ఉన్నారు కాబట్టి ఇళ్ల కొనుగోళ్ల మీద కూడా ఆ ప్రభావాన్ని మీరు చూసే ఉంటారు. 2009 జనవరిలో దేశమంతా కోపంగా ఉన్నప్పుడు న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ ఎదురు నిలిచి, బోనస్‌లు ఆపేస్తే హోటళ్లలో, దుకాణాల్లో ఖర్చు తగ్గి చిన్న ఉద్యోగాలే పోతాయని వాదించారు. అందులో నిజం ఉన్నందువల్లే ఆ మాట విన్నవారికి ఇంకా బాధ కలిగింది.

ఒక నగరం ఒకే పరిశ్రమ మీద అంతగా ఆధారపడి ఉంటే, ఆ ఆధారపడటాన్ని తగ్గించుకోవడానికి అది కారణం కావాలి. ఆ పరిశ్రమలో జీతాలు ఎలా పంచుకున్నా అడగకూడదనడానికి కాకూడదు. 2008కి బోనస్‌లుగా ఇచ్చిన ఆ 1,840 కోట్ల డాలర్లు వాటాదారులకు చేరినా, బ్యాంకు మూలధనంగా మిగిలినా, పన్ను చెల్లింపుదారులకు తిరిగి వచ్చినా ఎక్కడో ఒక చోట ఖర్చు అయ్యేవే. న్యూయార్క్ హోటళ్లలో ఖర్చయ్యే డబ్బుకు మాత్రమే విలువ ఉందని ఒహాయోలో ఇల్లు జప్తయిన కుటుంబం ఎందుకు ఒప్పుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు కార్యాలయంలో రాత్రి షిఫ్టుల్లో లావాదేవీల లెక్కలు సరిచూసే పని చేస్తున్నాను. న్యూయార్క్‌లో లాభాలు తగ్గాయని మా వేరియబుల్ పే (ఫలితాలను బట్టి మారే జీతభాగం) కూడా సగం చేశారు. ఇంట్లో చెబితే, 'నీకేం తక్కువ, ఊళ్లో ఎవరికైనా అంత జీతం ఉందా' అని మా మామయ్య అన్నారు. నా బాధ తప్పంటారా? (పాఠకురాలు, గచ్చిబౌలి)

జవాబు: తప్పు కాదమ్మా. మీరు ఏడాదంతా రాత్రి షిఫ్టుల్లో లావాదేవీల లెక్కలు సరిచూసిన పనికీ, అమెరికాలో విలీనాలు ఆగిపోవడానికీ సంబంధం లేదు. మీ విభాగం లాభం తెచ్చే విభాగం కాదు కాబట్టి మంచి ఏడాదుల్లో మీకు అందే వాటా చిన్నది. చెడ్డ ఏడాదిలో కోత మాత్రం మీదాకా వస్తుంది. సగటు బోనస్ అన్న అంకె మీవంటివారిని పూర్తిగా కనబడకుండా చేస్తుంది. కొద్దిమందికి కోట్లలో, చాలామందికి వేలల్లో ఉన్నప్పుడు సగటు ఎవరి జీవితాన్నీ చూపదు. 2022 చేదు ఏడాది తరువాత గోల్డ్‌మన్ శాక్స్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అధిపతి డేవిడ్ సాలమన్ వేతనాన్ని 29 శాతం తగ్గించి 2.5 కోట్ల డాలర్లు చేశారు. అదే 2023 జనవరిలో ఆ సంస్థ దాదాపు 3,200 మందిని ఉద్యోగాల నుంచి తీసివేసింది. పైవారికి కోత అంటే శాతం, కిందివారికి కోత అంటే ఉద్యోగం. హైదరాబాద్‌లో ఇప్పుడు అలాంటి అంతర్జాతీయ బ్యాంకుల కార్యాలయాలు అనేకం ఉన్నాయి కాబట్టి ఇది మన పిల్లలకు దూరపు విషయమేమీ కాదు.

మీ మామయ్యగారి మాట వెనక ఉన్నది కూడా అర్థం చేసుకోవలసిందే. లోకం వినే గొంతులు మీవి కావు. 2012 ఫిబ్రవరిలో, అంతకుముందు ఏడాది బోనస్‌లు తగ్గిన సందర్భంలో, బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ కొందరు వాల్‌స్ట్రీట్ ఉద్యోగుల మాటలు ప్రచురించింది. ఏటా మూడున్నర లక్షల డాలర్లు సంపాదించే ఒకాయన పిల్లల ప్రైవేటు బడి ఫీజుకూ, వేసవి ఇంటి అద్దెకూ ఇబ్బందిగా ఉందని అందులో వాపోయారు. అయిదారు నెలల ముందే న్యూయార్క్ జుకోటీ పార్కులో 'ఆక్యుపై వాల్‌స్ట్రీట్' ఉద్యమం మొదలై 99 శాతం సామాన్యులు, ఒక శాతం సంపన్నులు అన్న మాటలు ప్రతి నోటా వినబడుతున్న రోజులవి. ఆ వ్యాసం చదివినవారికి ఎంత మండి ఉంటుందో ఊహించవచ్చు. ఆ మాటలు చెప్పినవారి బాధ వారికి నిజమే అయి ఉండవచ్చు. దాని వల్ల మీలాంటి వేలాదిమంది బాధ ఎవరికీ వినబడకుండా పోయింది.

ఒక్క సలహా. ఇంటి రుణం వాయిదాను జీతం మీదే లెక్క వేసుకోండి, వేరియబుల్ పే వస్తుందన్న నమ్మకం మీద కాదు. నియామక పత్రంలో దాన్ని 'సంస్థ విచక్షణ మేరకు' అని రాసి ఉంటే అడిగే హక్కు మీకు చాలా తక్కువ; ఏ కొలమానాల మీద ఎంత అన్నది స్పష్టంగా రాసి ఉంటే, ఆ కొలమానాలను మీరు అందుకున్నారని రాతపూర్వకంగా చూపి అడగండి.

ప్రశ్న: మా నాన్నగారు సింగరేణిలో పనిచేశారు. ఏటా దసరాకు ముందు లాభాల వాటా ప్రకటిస్తారు, అది తక్కువైందని సంఘాలు ఆందోళన చేస్తాయి. వాల్‌స్ట్రీట్‌కూ దీనికీ తేడా ఏమిటి? (పాఠకుడు, గోదావరిఖని)

జవాబు: తేడా చాలా ఉంది, దాన్ని మీరే నాకంటే బాగా చెప్పగలరు. 2023–24 సంవత్సరానికి సింగరేణి నికర లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు విస్తరణకు తీసిపెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ఇస్తామని 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5,000 రూపాయల చొప్పున ఇచ్చారు. సంఘాలు అడిగినది 33 శాతం ఎక్కువా తక్కువా అని కాదు. ఏ లాభం మీద 33 శాతం అని. మొత్తం లాభం మీద లెక్క వేస్తే అది 17 శాతం దగ్గరే ఆగుతుంది.

గమనించవలసింది ఏమిటంటే, అక్కడ లాభం ఎంత, తీసిపెట్టినది ఎంత, శాతం ఎంత అన్నవన్నీ అందరి ముందు ఉన్నాయి. కాబట్టి వాదన సూటిగా జరిగింది. బొగ్గు తవ్వి అమ్మిన తరువాత వచ్చిన లాభం మూడేళ్లకు ఉత్తుత్తిదని తేలదు కూడా. వాల్‌స్ట్రీట్ బోనస్‌లో ఈ రెండూ లేవు: పక్క బల్ల మీది మనిషికి ఎంత ఇచ్చారో తెలియదు, ఈ ఏటి లాభం రేపటి నష్టాన్ని దాచిపెట్టిందేమో కూడా తెలియదు. అయితే కాంట్రాక్టు కార్మికుడికి 5,000, పర్మనెంటు కార్మికుడికి లక్షా 90 వేలు అన్న వ్యత్యాసం గురించి కూడా మనం అంతే గట్టిగా మాట్లాడాలని నా కోరిక. ఒకే గనిలో ఒకే దుమ్ము పీల్చేవారు వారిద్దరూ.

ప్రశ్న: ప్రజల కోపం వల్ల చివరకు ఏమైనా మారిందా? బోనస్‌లకు చట్టం ద్వారా పరిమితి పెట్టలేరా? (న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: కొన్ని చోట్ల ఒక్కొక్క మనిషి విషయంలో కోపం వెంటనే పనిచేసింది. బ్రిటన్‌లో ప్రభుత్వం 80 శాతానికి పైగా వాటా కొని కాపాడిన ఆర్‌బీఎస్ బ్యాంకు అధిపతి స్టీఫెన్ హెస్టర్, 2012 జనవరిలో తనకు ప్రకటించిన 9,63,000 పౌండ్ల బోనస్‌ను ప్రజల, పార్లమెంటు ఒత్తిడికి తలొగ్గి వదులుకున్నారు. స్విట్జర్లాండ్ ప్రజలు 2013 మార్చిలో కంపెనీ అధిపతుల వేతనాలపై వాటాదారులకే తుది మాట ఇచ్చే ప్రతిపాదనను 68 శాతం ఓట్లతో గెలిపించారు.

మొత్తం పద్ధతిని మార్చాలని చేసిన ప్రయత్నాల కథ వేరు. 2009 డిసెంబరులో బ్రిటన్ ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్ 25,000 పౌండ్లకు మించిన బోనస్‌ల మీద బ్యాంకులే 50 శాతం పన్ను కట్టాలని ప్రకటించారు. బ్యాంకులు బోనస్‌లు తగ్గిస్తాయనుకుని 55 కోట్ల పౌండ్లే వస్తాయని అంచనా వేస్తే, అవి తగ్గించకుండా పన్నే కట్టడంతో దాదాపు 350 కోట్లు వచ్చాయి. యూరోపియన్ యూనియన్ 2014 నుంచి బోనస్ జీతాన్ని మించకూడదని, వాటాదారులు ఒప్పుకుంటే రెండింతల దాకా పోవచ్చని పరిమితి పెట్టింది. బ్యాంకులు ఏం చేశాయి? జీతాలు పెంచాయి, బాధ్యతను బట్టి ఇచ్చే ప్రత్యేక భత్యాలు కనిపెట్టాయి. దాంతో నష్టాల ఏడాదిలో తగ్గించడానికి వీలున్న భాగం తగ్గిపోయి, తగ్గించలేని భాగం పెరిగింది. బ్రిటన్ 2023 అక్టోబరు 31న ఆ పరిమితిని ఎత్తివేసింది. పరిమితి పెట్టినవారి ఉద్దేశం మంచిదే, కానీ వారు బోనస్ పరిమాణాన్ని పట్టుకుని, అది చేతికి వచ్చే సమయాన్ని వదిలేశారని నా అభిప్రాయం.

నేను గట్టిగా నమ్మే మార్గం, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే నిబంధన. లాభం నిజమో కాదో తేలడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి బోనస్ కూడా అన్నేళ్ల పాటు సంస్థ చేతిలోనే ఉండాలి. ఆ లోపు లాభం అబద్ధమని తేలితే రద్దు కావాలి. చేతికి వచ్చిన తరువాత తేలినా తిరిగి కట్టాలి. బ్రిటన్ 2015 నుంచి చెల్లించిన బోనస్‌ను ఏడేళ్ల దాకా, 2016 నుంచి పై స్థాయివారి విషయంలో విచారణ నడుస్తుంటే పదేళ్ల దాకా వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. మన రిజర్వు బ్యాంకు 2019 నవంబరు మార్గదర్శకాల్లో ప్రైవేటు బ్యాంకుల అధిపతుల వేతనంలో కనీసం సగం పనితీరుకు ముడిపడి ఉండాలని, ఆ భాగం స్థిర వేతనానికి మూడు రెట్లు మించకూడదని, అందులో 60 శాతం కనీసం మూడేళ్ల పాటు వాయిదా వేయాలని, తప్పు తేలితే తిరిగి రాబట్టే నిబంధన ఉండాలని చెప్పింది. ఆ ఏడాది జనవరిలోనే ఐసీఐసీఐ బ్యాంకు బోర్డు, మాజీ అధిపతి చందా కొచ్చర్‌పై జస్టిస్ శ్రీకృష్ణ జరిపిన విచారణ నివేదిక అందిన తరువాత, ఆమె 2009 ఏప్రిల్ నుంచి 2018 మార్చి దాకా అందుకున్న బోనస్‌లన్నీ తిరిగి రాబట్టాలని నిర్ణయించింది. ఆమె ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేశారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఖాతాదారులకు తెలియకుండా లక్షలాది ఖాతాలు తెరిచిన వ్యవహారంలో, అమ్మకాల లక్ష్యాల ఒత్తిడిలో పనిచేసిన 5,300 మంది కింది సిబ్బందిని ముందుగా తీసివేశారు. పై అధికారుల నుంచి రాబట్టడం ఆ తరువాతే జరిగింది. అధిపతి జాన్ స్టంఫ్ 2016, 2017ల్లో కలిపి 6.9 కోట్ల డాలర్లు వదులుకోవలసి వచ్చింది.

అమెరికాలో దీన్ని నియమంగా మార్చే పని మాత్రం సగంలోనే ఉంది. 2008 సంక్షోభం తరువాత ఆర్థిక సంస్థల కట్టడికి 2010లో చేసిన డాడ్–ఫ్రాంక్ చట్టం రెండు పనులు చేయమంది. లిస్టెడ్ కంపెనీలు లెక్కలను సవరించవలసి వస్తే పై అధికారుల బోనస్‌ను వెనక్కి తీసుకునే నియమం 2022లో ఖరారై 2023 చివర అమలుకు వచ్చింది. బ్యాంకుల్లో అపాయకరమైన సాహసాలను ప్రోత్సహించే వేతన పద్ధతులను అరికట్టే నియమాన్ని 2011లో, 2016లో, 2024లో మూడుసార్లు ప్రతిపాదించారు, ఒక్కసారీ ఖరారు చేయలేదు. బోనస్ తగ్గిన ఏడాది జనం కోపగించుకుని, పెరిగిన ఏడాది మరిచిపోతే ఆ నియమం ఎప్పటికీ కాగితం మీదే ఉంటుంది. 2024లో సగటు బోనస్ మళ్లీ 31 శాతానికి పైగా పెరిగి 2,44,700 డాలర్లకు చేరింది. ఆ నియమం గురించి గట్టిగా అడగవలసిన ఏడాది అదే.

ప్రశ్న: రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు మా ప్రభుత్వ రంగ బ్యాంకులకు వర్తిస్తాయా? మాకు కూడా పనితీరు ప్రోత్సాహకం ఇస్తున్నారు కదా. (బ్యాంకు ఉద్యోగి, విజయవాడ)

జవాబు: వర్తించవు, అవి ప్రైవేటు బ్యాంకులకూ, మన దేశంలో శాఖలున్న విదేశీ బ్యాంకులకూ ఉద్దేశించినవి. మీకు వచ్చే ప్రోత్సాహకం 2020 నవంబరులో బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య కుదిరిన 11వ ద్వైపాక్షిక ఒప్పందం ద్వారా వచ్చింది. ఆ ఒప్పందం ప్రకారం బ్యాంకు నిర్వహణ లాభం 5 నుంచి 10 శాతం పెరిగితే 5 రోజుల జీతం, 10 నుంచి 15 శాతం పెరిగితే 10 రోజులది, అంతకు మించితే 15 రోజులది. 5 శాతం కన్నా తక్కువ పెరిగితే ఏమీ రాదు. ఒకే బ్యాంకులో అందరికీ అదే రోజుల లెక్క కాబట్టి ఎవరూ మరొకరి కౌంటర్ వైపు అనుమానంగా చూడవలసిన పని లేదు. అధికారుల్లో వ్యక్తిగత పనితీరును బట్టి వేరువేరుగా ఇవ్వాలన్న కేంద్ర ఆర్థిక సేవల విభాగం ఆదేశాలను ఉపసంహరించాలన్నది 2025 మార్చిలో బ్యాంకు సంఘాల ఐక్య వేదిక ఇచ్చిన సమ్మె నోటీసులోని డిమాండ్లలో ఒకటి. చర్చల తరువాత ఆ సమ్మె వాయిదా పడింది. ఈ విషయంలో నేను సంఘాల పక్షమే. రుణం ఇచ్చిన అధికారికి ఆ ఏడాదే ప్రోత్సాహకం ఇచ్చి, ఆ రుణం మూడేళ్లకు మొండి బాకీ అయినప్పుడు ఆయన మరో శాఖకు బదిలీ అయి ఉంటే, పైన చెప్పిన తిప్పలన్నీ మన బ్యాంకుల్లోకి కూడా వస్తాయి.